జెయింట్స్‌లో అందరికంటే గొప్పవాడెవరు: మేస్, బాండ్స్, మాథ్యూసన్‌లలో ఎవరికి ఓటేయాలి?

శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ చరిత్రలో అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరు? బే ఏరియాలో బేస్‌బాల్ ఇష్టపడేవాళ్లు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ హోసే వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఈ వాదన వినిపిస్తుంటుంది. పిల్లలు లిటిల్ లీగ్‌లో చేరతారు, వాళ్లని దింపడానికి వెళ్లిన తల్లిదండ్రులకు మెల్లగా ఆట అర్థమవుతుంది, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లయినా జెయింట్స్ సొంత మైదానం ఒరాకిల్ పార్క్‌కి వెళ్లడం మొదలవుతుంది. గేటు ముందు విల్లీ మేస్ విగ్రహం కనిపిస్తుంది. లోపల పక్క సీట్లో కూర్చున్నాయన మాత్రం బ్యారీ బాండ్స్ కొట్టిన హోమ్ రన్ల (క్రికెట్‌లో సిక్సర్‌లా బంతిని గోడ దాటించడం) గురించే చెబుతాడు. ఇక పాత పుస్తకాలు తిరగేసేవాళ్లుంటే క్రిస్టీ మాథ్యూసన్ పేరెత్తుతారు.

వాదన ఎలా మొదలైనా కాసేపట్లో ఒకే చోటికి చేరుతుంది: బాండ్స్ స్టెరాయిడ్స్ వాడాడా, వాడితే ఆ రికార్డుల్ని లెక్కలోకి తీసుకోవాలా? అక్కడ గొంతులు పెరుగుతాయి, ఎవరూ తగ్గరు, అసలు ప్రశ్న పక్కకి పోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ గొడవ తేల్చకుండానే మొదటి స్థానం ఎవరిదో చెప్పొచ్చు. స్టెరాయిడ్స్ సంగతి రెండో స్థానం దగ్గర మాత్రమే అడ్డం వస్తుంది. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఏం కొలుస్తున్నామో తేల్చుకోవాలి

ఈ జట్టు 1883లో న్యూయార్క్‌లో పుట్టింది. అక్కడి పోలో గ్రౌండ్స్‌లో దశాబ్దాలపాటు ఆడి, 1957 సీజన్ అయ్యాక శాన్ ఫ్రాన్సిస్కోకి మారింది. సీజన్ చివర టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్‌ని ఎనిమిదిసార్లు గెలిచింది. అందులో ఐదు న్యూయార్క్‌లో ఉన్నప్పటివి (1905, 1921, 1922, 1933, 1954), మూడు శాన్ ఫ్రాన్సిస్కోకి వచ్చాక గెలిచినవి (2010, 2012, 2014). ఇంత పొడవైన చరిత్రలో ఒక్కో తరం ఆడిన ఆట ఒక్కో రకంగా ఉంది. మాథ్యూసన్ కాలంలో హోమ్ రన్ అరుదు. బాండ్స్ కాలంలో అదే ఆటకి ప్రాణం. అందుకే అంకెలు మాత్రమే పక్కపక్కన రాసుకుంటే ఏమీ తేలదు.

నేను పెట్టుకునే మొదటి నియమం: ఈ జట్టు యూనిఫాంలో ఆడిందే లెక్క. అడుగుతున్నది బేస్‌బాల్‌లో గొప్పవాడెవరని కాదు, జెయింట్స్‌లో గొప్పవాడెవరని. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ లెక్క మొత్తం మారిపోతుంది. బాండ్స్ మొత్తం 762 హోమ్ రన్లు కొట్టాడు, ఇప్పటికీ మేజర్ లీగ్ (అమెరికా అగ్రస్థాయి బేస్‌బాల్) రికార్డు. అందులో 176 పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి ఆడినప్పటివి, జెయింట్స్‌కి 586. మేస్ మొత్తం 660 కొడితే జెయింట్స్‌కే 646. పిచ్చర్‌గా, అంటే బంతి వేసేవాడిగా, మాథ్యూసన్ గెలిచిన 373 మ్యాచుల్లో 372 ఈ జట్టువే.

రెండోది, బ్యాటింగ్‌తో పాటు మిగతా పనులూ చూడాలి. క్రికెట్‌లో పెద్ద బ్యాటర్ ఫీల్డింగ్‌లో కాస్త నెమ్మదిగా ఉన్నా సర్దుకుపోతాం. బేస్‌బాల్‌లో, అదీ సెంటర్ ఫీల్డ్ (బ్యాటర్‌కి ఎదురుగా దూరంగా ఉండే భాగం) లాంటి చోట, అలా కుదరదు. అక్కడ నిలబడేవాడు ఒక బంతిని పట్టుకుంటే రెండు మూడు పరుగులు ఆగుతాయి, పట్టుకోలేకపోతే మ్యాచ్ పోతుంది. బేసుల మధ్య పరుగెత్తడం, బంతి విసిరే చెయ్యి ఎంత బలంగా ఉందన్నది, ఇవన్నీ ఆటగాడి విలువలో భాగమే.

మూడోది, రెండు మూడు ఏళ్లు ఆకాశాన్నంటడం గొప్పా, ఇరవై ఏళ్లు నిలకడగా పైన ఉండడం గొప్పా అన్న ప్రశ్న. దీనికి ఒకే జవాబు లేదు. మీరు ఏ వైపో ముందే అనుకుంటే వాదన సగం తగ్గుతుంది. నాకు రెండూ కావాలి. మంచి సంగతేంటంటే ఈ జట్టు చరిత్రలో రెండూ ఉన్నవాడు ఒకడున్నాడు.

కొత్తవాళ్లకోసం ఒక చిన్న వివరణ. బ్యాటర్ నాలుగు బేసులూ చుట్టి వస్తే ఒక పరుగు. పిచ్చర్ నాలుగు బంతులు కొట్టడానికి వీలుకాని చోట వేస్తే బ్యాటర్‌కి మొదటి బేస్ ఉచితంగా వస్తుంది, దాన్నే వాక్ అంటారు. బ్యాటర్ కొడతాడన్న భయంతో కావాలనే అలా పంపిస్తే ఇంటెన్షనల్ వాక్. ఇంకో మాట వార్. సాధారణ స్థాయి రిజర్వ్ ఆటగాడి బదులు ఇతను ఆడడంవల్ల జట్టుకి ఎన్ని విజయాలు అదనంగా వచ్చాయో అంచనా వేసే లెక్క అది. బ్యాటింగ్, పరుగు, ఫీల్డింగ్ అన్నీ కలిపి వేస్తారు. పూర్తిగా నమ్మాల్సిన పని లేదు, కానీ వేర్వేరు కాలాల ఆటగాళ్లని పోల్చడానికి అంతకంటే మెరుగైన మొదటి మెట్టు నాకు కనిపించలేదు.

విల్లీ మేస్

అలబామాలోని వెస్ట్‌ఫీల్డ్‌లో 1931లో పుట్టాడు. నల్లజాతి ఆటగాళ్లని మేజర్ లీగ్‌లో అడుగు పెట్టనివ్వని రోజులవి. హైస్కూల్లో ఉండగానే నీగ్రో లీగ్స్‌లో బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్‌కి ఆడాడు. 1951 మేలో జెయింట్స్ అతన్ని పిలిచే సమయానికి మైనర్ లీగ్ (కింది స్థాయి) జట్టు మినియాపొలిస్‌లో 0.477 సగటుతో, అంటే వెయ్యి ప్రయత్నాలకి 477 హిట్ల లెక్కన, కొడుతున్నాడు. పెద్ద లీగ్‌కి రాగానే బ్యాట్ మూగబోయింది. మొదటి పన్నెండు ప్రయత్నాల్లో ఒక్క హిట్ లేదు. ఆ తర్వాత మొదటి హిట్ మామూలుగా రాలేదు. అప్పటి గొప్ప పిచ్చర్లలో ఒకడైన వారెన్ స్పాన్ బంతిని హోమ్ రన్ కొట్టాడు. మళ్లీ కొన్ని రోజులు ఏమీ లేదు. తనని తిరిగి మైనర్ లీగ్‌కి పంపేయమని కుర్రవాడు కన్నీళ్లు పెట్టుకుంటే, మేనేజర్ లియో డ్యురోషర్ నా సెంటర్ ఫీల్డర్‌వి నువ్వే అని ధైర్యం చెప్పాడు. ఆ ఏడాది రూకీ ఆఫ్ ద ఇయర్ మేసే.

తర్వాత సైన్యంలోకి వెళ్లాల్సి వచ్చింది. 1952లో ఎక్కువ భాగం, 1953 మొత్తం పోయాయి. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వయసు, కాళ్లలో బలం ఉన్న కాలం. ఆ రెండేళ్లు ఆడి ఉంటే 700 హోమ్ రన్లు దాటేవాడన్న మాటని నేను నమ్ముతాను. కానీ ఆడని ఆటకి మార్కులు వేయలేం కాబట్టి ఈ పోలికలో దాన్ని పక్కన పెడుతున్నాను.

1954లో తిరిగొచ్చి 0.345 సగటుతో లీగ్‌లో మొదటి స్థానం, 41 హోమ్ రన్లు, ఎంవీపీ (ఏడాది అత్యుత్తమ ఆటగాడి అవార్డు). ఆ సెప్టెంబర్ 29న పోలో గ్రౌండ్స్‌లో వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్. ఎదురుగా ఆ సీజన్‌లో 111 మ్యాచులు గెలిచిన క్లీవ్‌లాండ్. ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2, ఇద్దరు రన్నర్లు బేసుల మీద ఉన్నారు, ఇంకా ఎవరూ ఔట్ కాలేదు. విక్ వెర్ట్జ్ కొట్టిన బంతి సెంటర్ ఫీల్డ్ వైపు 420 అడుగులకి పైనే వెళ్లింది. వేరే ఏ మైదానంలోనైనా దాదాపు హోమ్ రన్నే. మేస్ బ్యాటర్‌కి వీపు తిప్పి గోడ వైపు పరుగెత్తి, భుజం మీదుగా వస్తున్న బంతిని అందుకుని, అదే ఊపులో తిరిగి విసిరాడు. రెండో బేస్ మీదున్న ల్యారీ డోబీ అంత దూరం వెళ్లిన బంతికి కూడా మూడో బేస్ దాటలేకపోయాడు. పదో ఇన్నింగ్స్‌లో జెయింట్స్ తరఫున డస్టీ రోడ్స్ కొట్టిన బంతి కేవలం 260 అడుగులు వెళ్లి కుడివైపు దగ్గరి గోడ దాటింది. మ్యాచ్ 5-2. సిరీస్ 4-0. ఆ క్యాచ్‌ని ఈ రోజుకీ అమెరికాలో 'ద క్యాచ్' అనే అంటారు. అందరూ క్యాచ్ గురించే చెబుతారు గానీ, నాకు ఎక్కువ విలువైనదిగా కనిపించేది ఆ తర్వాతి విసురు. అది లేకపోతే పరుగు వచ్చేసేది.

ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లోవ్ అవార్డు 1957లో మొదలైంది. ఆ ఏడాది నుంచి 1968 దాకా వరుసగా పన్నెండు ఏళ్లు మేస్‌కే వచ్చింది. అంటే అతని మొదటి ఏళ్లకి ఆ అవార్డే లేదు. 1956లో 36 హోమ్ రన్లు, 40 స్టీల్స్ (బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ దక్కించుకోవడం). మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో జెయింట్స్ ఆడే నేషనల్ లీగ్‌లో ఒకే సీజన్‌లో రెండూ ముప్పై దాటించిన మొదటివాడు. 1956 నుంచి 1959 దాకా నాలుగేళ్లూ స్టీల్స్‌లో లీగ్‌లో మొదటి స్థానం అతనిదే. 1961 ఏప్రిల్ 30న మిల్వాకీలో ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్ రన్లు. 1965లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, 52 హోమ్ రన్లు, రెండో ఎంవీపీ.

శాన్ ఫ్రాన్సిస్కోకి వచ్చిన కొత్తలో అతనికి జరిగింది చెప్పకపోతే ఈ కథ సగమే. 1957 చివర్లో మిరాలోమా డ్రైవ్‌లో ఇల్లు కొనబోతే, నల్లజాతివాడికి అమ్మొద్దని ఇరుగుపొరుగు అడ్డుపడ్డారు. సంగతి పత్రికలకెక్కి, మేయర్ జార్జ్ క్రిస్టోఫర్ కలగజేసుకున్నాక గానీ అమ్మకం జరగలేదు. తర్వాత ఆ ఇంటి కిటికీ కూడా పగలగొట్టారు. మైదానంలోనూ మొదట్లో ఊరు అతన్ని సొంతం చేసుకోలేదు. న్యూయార్క్ నుంచి వచ్చిన హీరో కదా అన్న దూరం. 1958లో 0.347 సగటుతో కొట్టినా ఇక్కడి అభిమానులు జట్టులో గొప్పవాడిగా కొత్త కుర్రవాడు ఒర్లాండో సెపెడాని ఎన్నుకున్నారు. దీనికి తోడు 1960 నుంచి క్యాండిల్‌స్టిక్ పార్క్. బే మీదనుంచి వచ్చే చలిగాలి బంతిని వెనక్కి నెట్టేది. అక్కడ అన్నేళ్లు ఆడి మిగిల్చిన అంకెలివి.

అతనికీ లోటు ఉంది, దాచాల్సిన పని లేదు. వరల్డ్ సిరీస్‌లో ఇరవై మ్యాచులు ఆడి ఒక్క హోమ్ రన్ కొట్టలేదు. 1962లో లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 49 హోమ్ రన్లు కొట్టాడు. సీజన్ ఆఖరి రోజు అతను కొట్టిన హోమ్ రన్ వల్లే జట్టు డాడ్జర్స్‌తో సమానమై ప్లేఆఫ్‌కి వెళ్లింది. అదే ఏడాది యాంకీస్‌తో ఏడో మ్యాచ్‌లో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక మేస్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టాడు. ముందున్న మాటీ ఆలూ మూడో బేస్ దగ్గర ఆగిపోయాడు. తర్వాత వచ్చిన విల్లీ మెకోవీ బలంగా కొట్టిన బంతి నేరుగా బాబీ రిచర్డ్‌సన్ చేతుల్లోకి వెళ్లింది. 1-0తో ఓటమి. పెద్ద సిరీస్‌లో మేస్ విఫలమయ్యాడనేవాళ్లు ఆ ఆఖరి డబుల్‌ని గుర్తు పెట్టుకోవాలి.

1979లో బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ సంస్థ హాల్ ఆఫ్ ఫేమ్‌కి అతన్ని పంపడానికి 432 మంది విలేకరుల్లో 409 మంది ఓటేశారు. మిగతా 23 మంది ఏం చూశారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

బ్యారీ బాండ్స్

జెయింట్స్‌తో బాండ్స్ అనుబంధం 1993లో మొదలవలేదు. తండ్రి బాబీ బాండ్స్ 1968 నుంచి 1974 దాకా ఇదే జట్టుకి ఆడాడు. మేస్ బ్యారీకి గాడ్‌ఫాదర్. చిన్నప్పుడే క్యాండిల్‌స్టిక్ డ్రెస్సింగ్ రూమ్‌లో తిరిగిన పిల్లవాడు.

1992లో జెయింట్స్ ఫ్లోరిడాకి వెళ్లిపోయేలా ఉంది. అమ్మకం దాదాపు ఖాయమైన దశలో పీటర్ మగోవన్ నాయకత్వంలో స్థానికులు జట్టుని కొని నిలబెట్టారు. వెంటనే ఆరేళ్లకి 4.375 కోట్ల డాలర్లతో బాండ్స్‌ని తీసుకొచ్చారు. బేస్‌బాల్‌లో అప్పటికి అంత పెద్ద ఒప్పందం లేదు. మొదటి ఏడాదే 0.336 సగటు, 46 హోమ్ రన్లు, ఎంవీపీ. జట్టు 103 మ్యాచులు గెలిచింది. దురదృష్టం, అట్లాంటా 104 గెలిచి ప్లేఆఫ్ తలుపు మూసేసింది. 2000లో బే ఒడ్డున కొత్త మైదానం వచ్చింది. ఆ మైదానం కట్టాలన్న ధైర్యం, కట్టాక నిండిన సీట్లు, వీటిలో బాండ్స్ వాటా చాలా పెద్దది. అతన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఇక 2001 నుంచి 2004 దాకా జరిగింది చూసినవాళ్లకి తప్ప నమ్మబుద్ధి కాదు. 2001లో 73 హోమ్ రన్లు, ఇప్పటికీ ఒక సీజన్ రికార్డు. 2002లో 0.370 సగటు. 2004లో బ్యాట్ పట్టుకుని వెళ్లిన ప్రతి వందసార్లలో దాదాపు 61 సార్లు బేస్ చేరాడు. మంచి బ్యాటర్‌కి అది 40 దాటితే గొప్ప. ఆ ఏడాది 232 వాక్స్, అందులో 120 ఇంటెన్షనల్. బాండ్స్ రాకముందు ఒక సీజన్‌లో ఇంటెన్షనల్ వాక్స్ రికార్డు 45, అదీ ఇదే జట్టు ఆటగాడు మెకోవీ 1969లో పెట్టింది. నలభై ఐదు ఎక్కడ, నూట ఇరవై ఎక్కడ. నాలుగేళ్లూ వరుసగా ఎంవీపీ. 1993తో కలిపి ఈ జట్టులోనే ఐదు.

2002 వరల్డ్ సిరీస్‌లో ఆనహైమ్ ఏంజెల్స్ మీద 0.471 సగటు, నాలుగు హోమ్ రన్లు. జట్టు ఏడో మ్యాచ్‌లో ఓడింది. ఆ ఓటమిని అతని ఖాతాలో వేయడం అన్యాయం.

స్టెరాయిడ్స్ సంగతి. బర్లింగేమ్‌లోని బాల్కో అనే ల్యాబ్ మీద విచారణ జరిగినప్పుడు 2003 డిసెంబర్‌లో బాండ్స్ గ్రాండ్ జ్యూరీ ముందు వాంగ్మూలం ఇచ్చాడు. తెలిసి స్టెరాయిడ్స్ వాడలేదన్నది అతని వాదన. 2011లో న్యాయానికి అడ్డుపడ్డాడన్న ఒక్క అభియోగం మీద దోషిగా తేల్చారు. 2015లో పై కోర్టు దాన్నీ కొట్టేసింది. హాల్ ఆఫ్ ఫేమ్‌కి 75 శాతం ఓట్లు కావాలి. విలేకరుల ఓటింగ్‌లో ఆఖరి అవకాశంగా 2022లో వచ్చినవి 66 శాతం. జెయింట్స్ మాత్రం 2018లోనే అతని 25 నంబర్‌ని రిటైర్ చేసి (ఇక ఎవరికీ ఇవ్వకుండా) గౌరవించింది.

దీన్ని ఎలా చూడాలన్నది మీ మనస్సాక్షికి సంబంధించిన విషయం. కొందరు మొత్తం తీసిపారేస్తారు. కొందరు ఆ కాలంలో అందరూ వాడారు కదా అని పట్టించుకోరు. మూడో దారి, అనుమానాలు మొదలైన కాలానికి ముందు, అంటే 1998 దాకా ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవడం. అప్పటికే 411 హోమ్ రన్లు, మూడు ఎంవీపీలు. ఆ ఏడాది ఆగస్టులో 400 హోమ్ రన్లు, 400 స్టీల్స్ రెండూ ఉన్న మొదటి ఆటగాడయ్యాడు. ఆ మేలో అరిజోనా మేనేజర్ మూడు బేసులూ నిండి ఉండగా బాండ్స్‌ని కావాలని వాక్‌తో పంపి ఒక పరుగు ఇచ్చేశాడు. అంత భయం అప్పటికే ఉండేది. హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఆ మాత్రం చాలు. జెయింట్స్‌లో మొదటి స్థానానికి సరిపోతుందా? సరిపోదు, ఎందుకంటే ఆ 411లో జెయింట్స్‌కి కొట్టినవి 235 మాత్రమే.

క్రిస్టీ మాథ్యూసన్

వందేళ్ల వెనక్కి వెళ్లాలి కాబట్టి చాలామంది ఇతన్ని జాబితాలో పెట్టడమే మర్చిపోతారు. అది పొరపాటు. 1900 నుంచి 1916 దాకా ఈ జట్టుకి బంతి వేశాడు. 1905 వరల్డ్ సిరీస్‌లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ మీద ఆరు రోజుల్లో మూడు మ్యాచులు పూర్తిగా తనే వేసి, 27 ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఇవ్వలేదు. ఒక్కడే వాక్‌తో బేస్ చేరాడు. ఈ జట్టు గెలిచిన మొదటి వరల్డ్ సిరీస్ అదే, దాదాపు ఒంటిచేత్తో గెలిపించాడు. ఇప్పటి పిచ్చర్‌ని ఆరు రోజుల్లో మూడుసార్లు దింపే మేనేజర్ ఎవరూ ఉండరు.

1908లో 37 విజయాలు. 1913లో వరుసగా 68 ఇన్నింగ్స్ ఒక్క వాక్ కూడా ఇవ్వకుండా వేశాడు. మేనేజర్ జాన్ మెక్‌గ్రా కోపానికి పేరుపడ్డవాడు, మాథ్యూసన్ కాలేజీ చదువు, నెమ్మది స్వభావం ఉన్నవాడు. ఆదివారాలు బంతి పట్టేవాడు కాదు. పిచ్చర్లంటే మొరటువాళ్లన్న అభిప్రాయాన్ని మార్చింది అతనే. 1936లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికైన మొదటి ఐదుగురిలో బేబ్ రూత్, టై కాబ్‌ల పక్కన అతని పేరుంది. చూడడానికి తను లేడు, క్షయతో 1925లోనే, నలభై ఐదేళ్లకే పోయాడు. అప్పట్లో యూనిఫాం మీద నంబర్లు ఉండేవి కావు. అందుకే జట్టు రిటైర్ చేసిన నంబర్ల వరుసలో అతని పేరు దగ్గర ఎన్‌వై అన్న అక్షరాలుంటాయి.

అతని మీద నాకున్న అభ్యంతరం అతని తప్పు కాదు. అప్పటి లీగ్‌లో తెల్లవాళ్లు మాత్రమే ఆడేవారు. జెయింట్స్‌లో మొదటి నల్లజాతి ఆటగాళ్లు మాంటీ ఇర్విన్, హ్యాంక్ థాంప్సన్ వచ్చింది 1949లో. దేశంలోని గొప్ప ఆటగాళ్లలో చాలామందిని ఎదుర్కోకుండానే మాథ్యూసన్ కెరీర్ ముగిసింది. మేస్ ఆ తలుపు తెరుచుకున్నాక, పోటీ పెరిగాక ఆడినవాడు. సమానమైన అంకెలుంటే నేను అటే మొగ్గుతాను.

మిగతావాళ్లు

మెల్ ఆట్ పదిహేడేళ్లకే జట్టులోకి వచ్చి, 1947 దాకా వేరే చోటికి వెళ్లకుండా 511 హోమ్ రన్లు కొట్టాడు. నేషనల్ లీగ్‌లో 500 దాటిన మొదటివాడు. వాటిలో 323 సొంత మైదానంలో కొట్టినవి. పోలో గ్రౌండ్స్ కుడివైపు గోడ 260 అడుగుల లోపే ఉండేది, అతను ఎడమచేతి బ్యాటర్. దాన్ని వాడుకోవడం తెలివే, కానీ మేస్‌తో పోల్చినప్పుడు ఆ తేడా కనిపిస్తుంది. కార్ల్ హబెల్ 1934 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో రూత్, గెరిగ్, ఫాక్స్, సిమన్స్, క్రోనిన్‌లను వరుసగా ఔట్ చేశాడు, అది చాలు అతని పేరు నిలవడానికి. హువాన్ మారిచాల్ 1963 జూలైలో స్పాన్‌తో పోటీగా పదహారు ఇన్నింగ్స్ వేసి 1-0తో గెలిచాడు. ఆ ఒక్క పరుగు మేస్ హోమ్ రన్.

ఇటీవలివాళ్లలో బస్టర్ పోసీ మూడు టైటిళ్లలోనూ క్యాచర్‌గా (క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటి స్థానం) ఉన్నాడు, 2012లో ఎంవీపీ. మాడిసన్ బమ్‌గార్నర్ 2014 వరల్డ్ సిరీస్‌లో 21 ఇన్నింగ్స్ వేసి ఒకే పరుగు ఇచ్చాడు. ఏడో మ్యాచ్‌లో రెండు రోజుల విరామంతోనే వచ్చి ఐదు ఇన్నింగ్స్ నిలబడ్డాడు. ఈ తరం అభిమానులకి వీళ్లే ప్రాణం, అది నాకు అర్థమవుతుంది. కెరీర్ మొత్తం చూస్తే మాత్రం పై ముగ్గురి దగ్గరికి రారు.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఇప్పుడు బాండ్స్‌కి పూర్తి మార్కులు వేద్దాం. స్టెరాయిడ్స్ మాటే ఎత్తొద్దు. ప్రతి హోమ్ రన్‌నీ, ప్రతి వాక్‌నీ లెక్కలోకి తీసుకుందాం. అయినా జెయింట్స్ యూనిఫాంలో అతని వార్ సుమారు 112. మేస్‌ది 150కి పైన. ఈ తేడా చిన్నది కాదు, ఒక మంచి ఆటగాడి మొత్తం కెరీర్ అంత.

అయితే బాండ్స్ అభిమాని వెంటనే అంటాడు: పొడవు సంగతి సరే, ఉచ్చదశ ఎవరిది? ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించిన లెక్క ఉంది. బాండ్స్ 2001 నుంచి 2004 దాకా ఆ నాలుగేళ్ల వార్ కలిపితే సుమారు 43. మేస్ 1962 నుంచి 1965 దాకా నాలుగేళ్లవి కలిపినా సుమారు 43. రెండూ దాదాపు సమానం! బ్యాట్‌తో బాండ్స్ సాధించిన ఆధిక్యాన్ని మేస్ సెంటర్ ఫీల్డ్‌లో, బేసుల మధ్య సంపాదించుకున్నాడు. బాండ్స్ కూడా కుర్రతనంలో అద్భుతమైన లెఫ్ట్ ఫీల్డర్, జెయింట్స్‌లోనే ఐదు గోల్డ్ గ్లోవ్‌లు గెలిచాడు. కానీ ఆ నాలుగేళ్లలో అతను పాత వేగంతో లేడు, బ్యాటే అంతా మోసింది.

ఎంవీపీల్లో ఐదుకి రెండు కదా అని అడిగేవాళ్లుంటారు. మేస్ 1955లో 51 హోమ్ రన్లు కొట్టినా ఆ ఓటింగులో నాలుగో స్థానమే వచ్చింది. 1962లో 49 కొట్టి జట్టుని వరల్డ్ సిరీస్‌కి చేర్చినా అవార్డు 104 స్టీల్స్ చేసిన మోరీ విల్స్‌కి వెళ్లింది. అప్పటి ఓటర్లు చూసిన దృష్టి వేరు. అవార్డుల సంఖ్యతో ఇద్దరి మధ్య తీర్పు చెప్పడం నాకు సబబుగా తోచదు.

అంటే బాండ్స్‌కి ఎంత అనుకూలంగా లెక్క వేసినా మేస్ ముందే ఉంటాడు. తగ్గించి లెక్క వేస్తే తేడా ఇంకా పెరుగుతుంది. స్టెరాయిడ్స్ గొడవ ఫలితం మీద ప్రభావం చూపేది కింద: బాండ్స్ ఆటని మొత్తం ఒప్పుకుంటే అతను తిరుగులేని రెండోవాడు. 1998 దగ్గర గీత గీస్తే మాథ్యూసన్ రెండో స్థానానికి వస్తాడు, ఆట్ కూడా బాండ్స్‌ని దాటేస్తాడు.

మీ కొలత నాదానికంటే వేరైతే జవాబూ వేరుగా రావొచ్చు. చూస్తుంటే గుండె ఆగిపోయేంత బ్యాటింగే మీకు ముఖ్యమైతే బాండ్స్‌ని ఎంచుకోండి, మీతో వాదించను. జట్టుకి ఒక టైటిల్‌ని తన చేత్తో తెచ్చి ఇచ్చినవాడే గొప్ప అనుకుంటే మాథ్యూసన్ 1905కి, బమ్‌గార్నర్ 2014కి సాటి లేదు. పిల్లవాడికి జెర్సీ కొనాలనుకునేవాళ్లు మాత్రం ఆలోచించక్కర్లేదు. మేస్ నంబర్ 24. మైదానం చిరునామా 24 విల్లీ మేస్ ప్లాజా, కుడివైపు గోడ ఎత్తు అతని గౌరవార్థం 24 అడుగులు, విగ్రహం చుట్టూ తాటిజాతి చెట్లు ఇరవై నాలుగు. వీటన్నింటికీ కారణం పిల్లవాడు అడిగినప్పుడు చెప్పడానికి మీ దగ్గర 1954 క్యాచ్ కథ ఉంటుంది, మిరాలోమా డ్రైవ్ ఇంటి కథ కూడా ఉంటుంది. రెండోది తప్పకుండా చెప్పండి.

నా వరుస ఇది: మేస్, బాండ్స్, మాథ్యూసన్, ఆట్, మారిచాల్. బాండ్స్‌ని రెండో స్థానంలో ఉంచడానికి నేను చాలా ఆలోచించాను, మాథ్యూసన్‌ని అక్కడ పెట్టేవాళ్లని తప్పు పట్టను. ఐదో స్థానానికి హబెల్, మెకోవీ, పోసీలలో ఎవరి పేరు చెప్పినా కూర్చుని వింటాను.